తాండూరు బండలన్నీ ఒక్కసారే పగిలిన ఏడాది

నాకు డిప్రెషన్ అనే జబ్బు ఉందని తెలియడానికి నాలుగు నెలల ముందే ఇంకో సంగతి తెలిసింది. తాండూరు చుట్టుపక్కల భూమిలో ఉన్న రాయంతా ఒక్కరోజులో చెడిపోయింది. ఈ సంగతి ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు. మిగతా వాళ్ళంతా తెలియనట్టు నటిస్తున్నారు.

మాది బండల యార్డు. క్వారీ నుంచి లారీల్లో వచ్చే నాపరాతి బండలను దింపించి, కోయించి, పాలిష్ పట్టించి అమ్ముతాం. కోత, పాలిష్ మిషన్లు చూసుకుంటాయి. లోడు దింపుకునే ముందు ప్రతి బండనూ వేలి కణుపుతో తట్టి వినడం మాత్రం యజమాని పని. బండ బాగుంటే ఖంగుమంటుంది. లోపల కంటికి కనబడని నెర్రె ఉంటే చప్పుడు చచ్చిపోయి బొద్దుమంటుంది. ఒక్కచోట తడితే చాలదు. ఈ మూల, ఆ మూల, నడిమధ్య, మూడు చోట్ల తట్టాలి. ఇరవై ఆరేళ్ళుగా తడుతున్నాను. నా నడిమి వేలి మీద కాసిన కాయను చూసి ఒక బ్యాంకు ఆఫీసరు ఉంగరం అనుకుని, ఏ రాయి పొదిగించారని అడిగాడు. లారీ ఇంకా ఊరి పొలిమేర దాటకముందే ఎన్నో వరసలో ఎన్నో బండ పగిలిందో నేను మంచంలో పడుకునే చెప్పేస్తానని తాండూరులో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేనే, అయినా ఉంది.

ఏప్రిల్ నెల. లారీ వచ్చి ఆగింది. మొదటి బండ తట్టాను. బొద్దుమంది. రెండోది, మూడోది, ముప్ఫయ్యోది. అన్నీ బొద్దే. దూదిపరుపును తట్టినట్టుంది. మా మేస్త్రి ఏసురత్నాన్ని పిలిచాను. బంట్వారం మనిషి, నేను యార్డు పెట్టిన రోజు నుంచీ ఉన్నాడు.

“ఏసురత్నం, లోడంతా చచ్చిన సరుకు పంపిండు.”

అతను వంగి తట్టాడు. “మోగుతుంది గద సేటూ.”

“ఏడ మోగుతుంది?”

“గిదో, ఇను.” మళ్ళీ తట్టాడు. నాకు బొద్దనే వినబడింది.

“క్వారీ ఆయన నీకేం తాగిపిచ్చిండు?”

ఏసురత్నం చర్చిలో ముందు వరసలో నిలబడి పాడే మనిషి. తాగడం మాట అలా ఉంచి, తాగినవాడి పక్కన నిలబడితే రెండుసార్లు స్నానం చేస్తాడు.  “చాయ్ గూడ తాపియ్యలె సేటూ,” అన్నాడు. అంత మెల్లగా అనడంతో నా అనుమానం ఇంకా గట్టిపడింది.

లోడు వాపసు పంపాను. లారీ రివర్సు తీసుకుని రోడ్డు దాటి నేరుగా ఎదురు యార్డులోకి వెళ్ళింది. ఎదురు యార్డు బస్వరాజ్‌ది. కర్ణాటకలో సేడం వైపు నుంచి వచ్చి పన్నెండేళ్ళ కింద సరిగ్గా నా గేటుకు ఎదురుగా గేటు పెట్టినవాడు. ఆ పన్నెండేళ్ళలో మేమిద్దరం పలకరించుకున్న మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు నిండదు. నేను పనికిరాదన్న సరుకును అతను దింపించుకుంటున్నాడు, అదీ నవ్వకుండా. ఆ నెలలో నేను ఏడు లోడ్లు వాపసు పంపాను. ఏడూ రోడ్డు దాటాయి. అందరూ కలిసే ఆడుతున్నారనడానికి ఇంక రుజువేం కావాలి.

చెవి డాక్టరు దగ్గరకు మాత్రం వెళ్ళాను. ఎందుకంటే అనుమానాన్ని కూడా అనుమానించాలి, అది నా పద్ధతి. ఆయన రెండు చెవుల్లోనూ లైటు వేసి, “చీమ నడిచినా ఇనబడే చెవులు నీయి, ఫికర్ చెయ్యకు,” అన్నాడు. చీమల సంగతి నేను అడగలేదు. ఆయన ఇంట్లో నేల చూశాను, ఎదురు యార్డు పాలిష్ లాగే ఉంది. బయటికొచ్చేశాను.

మే నెలలో పప్పు చెడిపోయింది. తాండూరులో కందిపప్పును రుచిగా లేదనడం అంటే కన్నతల్లిని తిట్టడం కంటే ఒక మెట్టు పైన. ఆ పాపం నేను చేశాను. నిజానికి రుచిగా లేదని అనలేదు. ఏమీ అనలేదు. సుజాత వడ్డించేది, నేను కలిపేవాణ్ణి, నాలుగు ముద్దల తర్వాత కంచం జరిపేవాణ్ణి. సుజాత నా భార్య. నా మాటలకు ఇరవై రెండేళ్ళుగా నవ్వకుండా ఉండగలిగిన ఏకైక మనిషి.

“ఎట్లుంది?” అనేది.

“ఉన్నది.”

అంతే. ఒకప్పుడు ఒక ఉప్పుగల్లు ఎక్కువైతే నలభై నిమిషాల ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి.

నిద్ర కూడా పోయింది. పోయిందంటే మొత్తం పోలేదు. కోడికంటే రెండు గంటల ముందు మెలకువ వచ్చి, ఆ రెండు గంటలూ రెండేళ్ళుగా సాగేవి. స్నానం చేయాలంటే బకెట్టు దాకా నడవాలి, మా ఇంట్లో బకెట్టుకూ మంచానికీ మధ్య ధారూర్ స్టేషను ఉన్నంత దూరం. చొక్కా గుండీలు పెట్టుకుంటూ మూడోదాని దగ్గర ఆగిపోయి, ఎందుకు పెట్టుకుంటున్నానో మర్చిపోయి అలాగే కూర్చునేవాణ్ణి. దుఃఖంగా ఉందా అని ఎవరైనా అడిగితే లేదనే చెప్పేవాణ్ణి. దుఃఖం ఉంటే బాగుండు. మనిషి చుట్టూ ఎవరో పత్తి కుక్కి మూట కట్టినట్టు ఉండేది. తట్టితే బొద్దు.

ఇదే అదనుగా ఇంట్లో కుట్ర మొదలైంది. నేను గదిలోకి వస్తే సుజాత ఫోన్ పెట్టేసేది. ఏసురత్నం పనిలేకపోయినా ఇంటికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఆమెతో గుసగుసలాడేవాడు. ఒకరోజు పొద్దున్నే గేటు దగ్గర నా కళ్ళతో చూశాను. సుజాత రోడ్డు దాటి బస్వరాజ్ యార్డు ముందు నిలబడి అతనితో మాట్లాడుతోంది. అతను తలూపుతున్నాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను తెలివైనవాణ్ణి కాబట్టి వెంటనే అర్థం చేసుకున్నాను. యార్డు అతనికి రాసిచ్చే మాటలు జరుగుతున్నాయి. ఏసురత్నం అక్కడ మేస్త్రిగా చేరతాడు. నన్ను మాత్రం హైదరాబాద్‌లో, పేరు చెబితేనే పిల్లలు భయపడి అన్నం తినే పిచ్చి దవాఖానలో పడేస్తారు.

ఇక్కడ ఒక మాట నవ్వకుండా చెప్పాలి. ఆ రోజుల్లో నాకు ఆ కుట్ర మీద కోపం రాలేదు. రాసుకోనీ అనిపించింది. నేను లేకపోతే వీళ్ళందరికీ హాయి అనే మాట మొదట ఎప్పుడు వచ్చిందో గుర్తులేదు, అది మాత్రం వచ్చి చాప వేసుకుని కూర్చుంది. ఊరి బయట పని అయిపోయిన పాత క్వారీ గుంతలు ఉన్నాయి. మధ్యాహ్నాలు అక్కడికి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను. ఎందుకు వెళ్తున్నానో నాకు నేను కూడా చెప్పుకోలేదు. అంతకంటే చెప్పను.

మొదటిరోజు కూర్చుని పావుగంట కాలేదు, ఏసురత్నం మోపెడ్ మీద వచ్చాడు.

“సుజాతక్క అన్నం పంపింది సేటూ.”

“నేనీడ ఉన్నట్టు ఆమెకెట్ల తెల్సు?”

“నాకేం తెల్సు. పంపుమంది, తెచ్చిన.” ఎండలో నా పక్కనే కూలబడ్డాడు. డబ్బా విప్పాడు. నేను తినేదాకా కదలలేదు. తిన్నాక కూడా కదలలేదు. వాళ్ళ ఊళ్ళో ఒక గొర్రె తప్పిపోయిన కథ చెప్పాడు. అది నా జన్మలో విన్న అతి పొడుగు కథ. సాయంత్రమైంది, గొర్రె దొరకలేదు, ఇద్దరం ఇంటికొచ్చాం.

రెండోరోజు మళ్ళీ అతనే. మూడోరోజు అతను రాలేదు, బస్వరాజ్ వాచ్‌మన్ వచ్చి ఏదో వెతుకుతున్నట్టు నా చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేశాడు. నాలుగోరోజు సుజాతే వచ్చింది, పెద్దేముల్ షేర్ ఆటో దిగి, ఎండలో అంత దూరం నడిచి. “ఈడ గాలి మంచిగొస్తదంట,” అంది. గుంతల దగ్గర గాలి. ఆ రోజుతో నాకు పూర్తిగా నిర్ధారణ అయింది. నా వెనక గూఢచారులను పెట్టారు. దేశాధినేతలకు కూడా అంత కాపలా ఉండదు.

జులైలో వానలు పడ్డాయి. సుజాత ఒకరోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది. “అనంతగిరికి పోదాం, దర్శనం చేస్కుందాం. నీ గుండీలు నేను పెడ్త.”

వికారాబాద్‌కు రైలెక్కాం. స్టేషన్ బయట ఆటో అనంతగిరి గుట్ట వైపు తిరగాల్సింది, బజారు వైపు తిరిగింది. చూశాను, నోరెత్తలేదు. ఒక మేడ ముందు ఆగింది. బోర్డు మీద ‘మానసిక’ అని మొదలైంది, మిగతా అక్షరాలు చదవడానికి నా కళ్ళు ఒప్పుకోలేదు. వెనక్కి తిరిగాను. సుజాత నా మణికట్టు పట్టుకుంది. ఇరవై రెండేళ్ళ కింద పెళ్ళిలో నేను పట్టుకున్నదానికంటే గట్టిగా పట్టుకుంది.

“ఒక్కపారి. నా కోసం. తర్వాత నువ్వు రమ్మన్న కాడికి వస్త.”

లోపల పన్నెండు కుర్చీలు, పది మంది మనుషులు, ఒక్క మొహం లేదు. ఆడవాళ్ళు కొంగులు, మగవాళ్ళు తువ్వాళ్ళు, మాస్కులు, ఒకాయన హెల్మెట్ తీయకుండానే పేపర్ చదువుతున్నాడు. ఎవరూ ఎవరి వైపూ చూడటం లేదు. దొంగల ముఠా పంపకాలకు కూర్చున్నట్టుంది. మూలన తువ్వాలు కప్పుకున్న మనిషి చెప్పులు నాకు తెలిసిన చెప్పులు. పన్నెండేళ్ళుగా రోడ్డు అవతల చూస్తున్నవి.

“బస్వరాజూ.”

తువ్వాలు జారింది. “రెడ్డీ.”

“ఏం పని మీద వచ్చినవ్?”

అతను ఎడమ చెంప పట్టుకున్నాడు. “పన్ను. మూడ్రోజుల సంది గుంజుతుంది. నువ్వు?”

నేను కుడి చెంప పట్టుకున్నాను. “నాకూ పన్నే.”

“ఈడ పన్నుకు మంచిగ చూస్తరంట.”

“నేనూ గట్లనే ఇన్న.”

ఇద్దరం చెంపలు పట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాం. చీటీలు రాసే కాంపౌండరు మా మాటలు విన్నాడు. అతనిది ముప్ఫై ఏళ్ళుగా అన్నీ చూసి ఏదీ ఆశ్చర్యం అనిపించని మొహం.

“తాండూరా? పంటినొప్పేనా?” అన్నాడు. “తాండూరోళ్ళందరికీ పంటినొప్పే. మా వికారాబాదోళ్ళంత మీ తాండూరు పోయి చూపిచ్చుకుంటరు, ఆళ్ళకు నడుంనొప్పి. నడిమిట్ల ధారూర్ల రెండు రైళ్ళు ఎదురుపడ్డప్పుడు జర ఒకలకొకలు చెయ్యన్న ఊపుకోండ్రి.”

హెల్మెట్ లోపలి నుంచి నవ్వు వినబడింది. నేను నవ్వలేదు. నేను ఇంకో సంగతి గమనించాను. కాంపౌండరు నా పేరు అడిగి రాసుకున్నాడు, బస్వరాజ్‌ను మాత్రం అడగలేదు. “ఏం సాబ్, మంచిగనేనా?” అన్నాడు. అంటే కాంపౌండరును ముందే కలుపుకున్నాడన్నమాట.

డాక్టరమ్మ నా మేనకోడలి వయసుది. బల్ల మీద గుండె చూసే గొట్టం తప్ప ఏ మిషనూ లేదు. మిషన్ లేని డాక్టరును నమ్మేదెట్లా. ఆమె అడుగుతూ పోయింది, నిద్ర, తిండి, పని. నేను బండల గురించి చెప్పాను. నవ్వలేదు, రాసుకుంది. తర్వాత పెన్ను కింద పెట్టి, వంట అయిందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

“సార్, చచ్చిపోవాల్నని అనిపిస్తుందా?”

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నాలుగు నెలల్లో నన్ను అందరూ అన్నీ అడిగారు. దిష్టి తగిలిందా, ఎవరన్నా ఏమన్నా అన్నారా, బీపీ ఉందా, గ్యాసా. ఇది ఒక్కటి ఎవరూ అడగలేదు. అడిగితే లేని ఆలోచన కొత్తగా పుడుతుందని భయం కాబోలు. నా విషయంలో ఆ ఆలోచనకు అప్పటికే వయసొచ్చింది.

“గుంతల కాడికి పోతున్న,” అన్నాను. పక్కన సుజాత కొంగు నోట్లో కుక్కుకుంది. చెప్పాను కదా, పత్తి మూట అని. ఆ మూటకు ఎక్కడో ఒక కుట్టు తెగింది. నేను ఏడ్చానంటే మీరు నమ్మకపోవచ్చు. వికారాబాద్‌లో ఆ రోజు పడిన వానలో మూడో వంతు నాదే.

ఇది జబ్బు అని ఆమె చెప్పింది. నీరసం, సోమరితనం, చేసుకున్న కర్మ, ఇవేవీ కాదని, షుగర్‌లాగా జబ్బని, దీనికి మందు ఉందని, మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని. నన్ను ఒంటరిగా వదలొద్దని సుజాతకు చెప్పింది. “వదుల్తలేము మేడమ్,” అంది సుజాత. ఆ ‘ము’ అనే అక్షరం దగ్గర నాకు ఆరోజే అనుమానం రావాల్సింది.

మీరనుకుంటారు, ఇక ఇక్కడి నుంచి మనిషి బాగుపడ్డాడని. నా సంగతి మీకింకా తెలియదు. కొన్ని వారాల దాకా పనిచేయని మందును ఎవరైనా ఎందుకు అమ్ముతారు? తలనొప్పి గోళీ అరగంటలో పనిచేస్తుంది. సుజాత రోజూ గోళీ చేతిలో పెట్టి, గ్లాసు అందించి, నా గొంతు కదిలేదాకా చూసేది. నేను చెంపలో దాచి, యార్డుకు వెళ్ళగానే పాలిష్ మిషన్ వెనక సందులో ఊసేవాణ్ణి. పదకొండు రోజులు. పన్నెండో రోజు ఏసురత్నం మిషన్ కడుగుతూ సందులోంచి తెల్లటి ముద్ద ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని వచ్చాడు.

“సేటూ, మిషన్‌కు మనసు మంచిగ లేదా? రోజూ గోళీలు ఏస్తున్నవ్.”

నేను మిషన్ వైపు తిరిగి స్విచ్ వెతికాను.

“మిషన్ మంచిగనే ఉన్నది. నేను చూస్తున్న గద. బాగలేంది ఎవరో ఆళ్ళకు ఎయ్యరాదూ?” అరచెయ్యి అలాగే చాపి నిలబడ్డాడు.  

అతను సుజాతకు చెప్పాడు. నన్ను మళ్ళీ రైలెక్కించారు. డాక్టరమ్మ ముందు దొంగలా కూర్చున్నాను. ఆమె తిట్టలేదు. “మీ పని గురించి చెప్పండి. బండ మంచిదో కాదో ఎట్ల తెలుస్తది?” అంది.

చెప్పాను. కణుపు ఎక్కడ తగలాలి, ఎంత బలంగా, బండ కింద ఏముండాలి, తడి బండకూ పొడి బండకూ తేడా. మొదట నాలుగు ముక్కల్లో అయిపోతుందనుకున్నాను, పది నిమిషాలు మాట్లాడాను. అన్ని నెలల్లో అది నా పొడవైన ప్రసంగం. సుజాత నన్నే చూస్తోంది.

“ఒక్క దెబ్బకే తెలుస్తదా?”

“ఒక్క దెబ్బకు ఎట్ల తెలుస్తది మేడమ్. మూడు జాగల కొట్టాలె.”

“మరి నన్ను ఒక్క దెబ్బకే పక్కకు పెట్టేసిన్రు. అది గూడ సరిగ కొట్టలేదు, మిషన్‌కు పెట్టిన్రు. మూడుసార్లు రండి సార్. మూడు జాగల కొట్టి చూడండి. అప్పుడు గూడ బొద్దుమంటే వాపసు పంపండి, నేనే వేరే డాక్టరు పేరు రాసిస్త.”

న్యాయమైన మాట. నా వృత్తిధర్మానికి కట్టుబడి ఒప్పుకున్నాను, ఆమె మీద నమ్మకంతో కాదు.

ఆగస్టు మొదటి రెండు వారాలూ నోరు ఎండిపోయింది, కడుపులో తిప్పింది. చూశారా నేను చెప్పలేదా అని అందరికీ చెప్పాను. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, తెలిసిన సంగతే, తగ్గుతుంది అంది. తగ్గింది. తగ్గడం కూడా నాకు అనుమానంగానే ఉండింది. ఒక పొద్దున సుజాత చాయ్‌లో చక్కెర కలుపుతుంటే చెంచా గ్లాసుకు తగిలి చప్పుడైంది. సన్నటి చప్పుడు. తలెత్తాను. ఆమె మళ్ళీ కలిపింది. మళ్ళీ వినబడింది. ఎవరికీ చెప్పలేదు. ఒక్క చెంచా సాక్ష్యం మీద తీర్పు ఇవ్వకూడదు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, “పప్పుల ఉప్పు ఎక్కువైంది,” అన్నాను.

సుజాత చేతిలో గరిటె ఆగింది. అక్కడే నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడవసాగింది. నేను పరేషాన్ అయ్యాను. “అంత గూడ ఎక్కువ లేదు, జరంతనే,” అన్నాను.

“ఇంకో మాట అను,” అంది ఆమె ఏడుస్తూనే. “పోపు గూడ మాడింది. దాన్ని గూడ తిట్టు.”

తిట్టాను. నలభై నిమిషాలు కాదు గానీ, ఐదారు నిమిషాలు బాగానే సాగింది.

మెదడు కొంచెం వెలుగులోకి రాగానే నేను చేసిన మొదటి పని పాత అనుమానాలను బయటికి తీసి, ఒక్కొక్కటీ మళ్ళీ మూడు చోట్ల తట్టడం. చాలా వాటిలో నెర్రె కనబడింది. క్వారీ ఆయన ఎవరినీ కొనలేదు. చెవి డాక్టరు ఎవరి మనిషీ కాదు. ఒక్కటి మాత్రం ఎక్కడ తట్టినా ఖంగుమంటోంది. సుజాత బస్వరాజ్‌ను కలవడం. అది నేను కళ్ళారా చూశాను.

దసరా పోయిన మర్నాడు రోడ్డు దాటాను. పన్నెండేళ్ళలో మొదటిసారి. వెనక ఏసురత్నం కూడా వచ్చాడు, పనేమీ లేకుండానే. బస్వరాజ్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“ఆ దినం మా ఆమెతోని ఏం మాట్లాడినవ్?” అన్నాను నిలబడే.

అతను నా వంక చూశాడు, ఏసురత్నం వంక చూశాడు. “హౌదు, మాట్లాడిన,” అన్నాడు. కన్నడం కలిస్తే అతను నిజం చెబుతున్నట్టు లెక్క. “కూసో రెడ్డీ. నువ్వు మొదటి లోడు వాపస్ పంపిన్నాడు నేనే కొట్టి చూసిన. ఒక్కటి గూడ పగల్లేదు. రెండోదీ గట్లనే, మిగతాయి గూడ గట్లనే. మంచి సరుకు తాండూరు రెడ్డి వాపస్ పంపుతున్నడంటే రెండే కారణాలు. ఒకటి నాకు మేలు చేయనీకి. అది నువ్వు చచ్చినా చెయ్యవ్.”

“రెండోది?”

“రెండోది నాకొచ్చిందే నీకొచ్చింది. రెండేండ్ల కింద ఆరు నెలలు నేను షట్టర్ ఎత్తలేదు, యాదికున్నదా? షుగర్ అని చెప్పిన అందరికి.”

గుర్తుంది. అప్పుడు నేను మిఠాయి పంచినంత పని చేశాను.

“మీ ఇంటామెను పిలిచి చెప్పిన. వికారాబాద్ తీస్కపొమ్మన్న. ఆమె ఏడ్సింది. నువ్వు గుంతల కాడ కూసుంటున్నవని ఏసురత్నం చెప్తే మేం ముగ్గురం వంతులు ఏస్కున్నం. పొద్దుగాల ఆమె, పగటీలి గీయన, గీయనకు పని పడ్తే మా వాచ్‌మన్.”

ఏసురత్నం నేల చూస్తున్నాడు. “గొర్రె కథ ఒడిసిపోతదేమోనని మస్తు భయపడ్డ సేటూ,” అన్నాడు. “అసలు మా ఇంట్ల గొర్రెలే లేవు.”

“మరి వికారాబాద్‌ల ఆ దినం?” అని అడిగాను. 

“ఆ దినం నాది లేదు. నెలకొక్కపారి పోత నేను, అది అయిపోయింది. నువ్వు బోర్డు చూసి భయపడి రైలెక్కి వాపస్ వస్తవని, తెల్సిన మొఖం ఒకటి ఉండాలని పోయి కూసున్న.”

“పన్ను అన్నవ్ గద?”

“నువ్వు నిజం చెప్పినవా?”

కుట్ర జరిగింది. నేను చెప్పింది అక్షరాలా నిజం. భార్య, మేస్త్రి, వ్యాపారంలో శత్రువు, ముగ్గురూ కలిసి నా వెనక మంతనాలు చేశారు, నా వెంట మనుషులను పెట్టారు, నాకు అబద్ధం చెప్పి రైలెక్కించారు. అన్నీ సరిగ్గా పట్టుకుని, ఎందుకు అన్నది ఒక్కటే నేను తప్పుగా విన్నాను. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా చుట్టూ ఉన్నదంతా బొద్దుమంటుంటే, రాయిని తిట్టేముందు ఒకసారి డాక్టరు దగ్గర కూర్చోండి. ఇంట్లో అలాంటి మనిషి ఉంటే, సూటిగా అడగండి, అడిగాక వంతులు వేసుకోండి. నేను ఇప్పటికీ నెలకోసారి వికారాబాద్ వెళ్తున్నాను, డాక్టరమ్మ ఆపమనేదాకా గోళీలు ఆపను. తువ్వాలు కప్పుకోను. పంటినొప్పి అని కూడా చెప్పను. కాంపౌండరుకు కాస్త దిగులుగా ఉన్నట్టుంది.

ఆ రోజు బస్వరాజ్ లేచి, “రా,” అని యార్డు వెనక్కి తీసుకెళ్ళాడు. రేకుల కింద బండలు వరసగా గోడకు ఆనించి ఉన్నాయి. ఏడు లోడ్లలోవి. మీద దుమ్ము పేరుకుంది. మిషన్ ముట్టలేదు, ఎవరికీ అమ్మలేదు.

“నీయే,” అన్నాడు. “నీ చెవి నీకొచ్చినంక నువ్వే కొట్టుకుంటవని పెట్టిన. కొట్టు.”

నాకు భయమేసింది. డాక్టరమ్మ గదికంటే ఎక్కువ భయం. ఇవి మోగకపోతే ఏమిటి? వేలు మడిచాను. కాయ మెత్తబడి ఉంది. మొదటి బండ తట్టాను.

ఖంగుమంది.

రెండో మూల. నడిమధ్య. ఖంగు, ఖంగు. పక్కది. దాని పక్కది.  నేను వంగి ఒక్కొక్కటీ తడుతూ వెళ్తున్నాను, చప్పుడు మోచేతిలోంచి దవడలోకి వస్తోంది. సంతోషించాలి కదా, నేను సంతోషించలేదు. లోపల పాత అనుమానం తల ఎత్తింది. అన్నీ మోగుతున్నాయి. ఒకప్పుడు అన్నీ బొద్దుమన్నట్టే ఇప్పుడు అన్నీ మోగుతున్నాయేమో. మందు ప్రభావమేమో. చెవి వచ్చిందో, ఊరికే ఊరడింపు వచ్చిందో ఎట్లా తెలుస్తుంది?

నాలుగో వరసలో ఒక బండ. ఒక మూల ఖంగుమంది. మధ్యలో ఖంగుమంది. మూడో మూల తట్టి ఆగాను. మళ్ళీ తట్టాను.

“ఇది పగిలింది,” అన్నాను.

బస్వరాజ్ వంగి తట్టాడు. “నాకు మోగుతుంది.”

“నీ చెవి ఎప్పుడు మంచిగుండె గనుక. గీ మూలకు నెర్రె ఉన్నది.”

“లేదు.”

“ఏసురత్నం, నీళ్ళు పొయ్యి.”

కంటికి కనబడని నెర్రెను పట్టడానికి మా పనిలో ఆఖరి పరీక్ష అది. బకెట్టు నీళ్ళు పోసి ఆరేదాకా చూడాలి. బండ పైన తడి ఆరిపోతుంది, నెర్రెలో దిగిన నీరు ఆరదు. ఏసురత్నం నీళ్ళు పోశాడు. ముగ్గురం గొంతుక్కూర్చుని చూస్తున్నాం. వికారాబాద్ కుర్చీల్లో కూడా నేను అంతసేపు కూర్చోలేదనిపించింది. అంచుల నుంచి తడి వెనక్కి జరుగుతూ వచ్చింది. మధ్య ఆరింది. రెండు మూలలు ఆరాయి. మూడో మూల కూడా దాదాపు ఆరిపోయింది. అక్కడ, వెంట్రుకంత సన్నగా, నల్లటి తడి గీత ఒకటి ఏటవాలుగా నిలిచిపోయింది.

ఏసురత్నం లేచి అటు తిరిగి మొహం కడుక్కున్నాడు. బకెట్టులో నీళ్ళు లేవు, ఆ సంగతి అతను గమనించలేదు. ఇరవై ఆరేళ్ళలో పగిలిన బండ దొరికినందుకు ఏ యజమానీ అంత సంతోషపడి ఉండడు. ఆ గీత మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నాను. మోగేది మోగుతోంది, పగిలింది పగిలినట్టు వినబడుతోంది. నాకు కావలసింది అంతే.

తర్వాత ఇంకొకటి తోచింది. మంచి సరుకని అతనే కొట్టి చూసిన లోడ్లు ఇవి. ఒక్కటీ పగల్లేదని ఇందాకే తన నోటితో చెప్పాడు. మరి నాలుగో వరసలో ఇదెక్కడి నుంచి వచ్చింది?

“బస్వరాజూ, గీ బండ నీ యార్డుది గద? నన్ను పరీక్షించనీకి కావాలని నడుమల పెట్టినవ్ గద?”

అతను తువ్వాలు భుజం మీద సర్దుకుని, మెల్లగా చెంప పట్టుకున్నాడు.

“పన్ను గుంజుతుంది,” అన్నాడు.

వికారాబాద్‌లో ఆ రోజు ఎడమ చెంప. ఈసారి కుడిది.